శూన్యం మీద పన్నెండు ఫొటోలు

ఎనభైల చివర్లో కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు ఫొటోగ్రఫీలో ఏడాది కోర్సు పెట్టారు. సాయంత్రం పూట క్లాసులు, ఏడాది చివర ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్టు. విద్యార్థులు పద్దెనిమిది మంది, కెమెరాలు రెండు. డార్క్‌రూమ్ మాత్రం లేదు. అది మా ఇంట్లో ఉంది కనుక నన్ను పిలిచారు.

అప్పటికి నేను ఒక దినపత్రికకు కామారెడ్డి నుంచి వార్తలు రాసి పంపుతున్నాను. ఫొటో అవసరమైతే నేనే తీసి, స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి నేనే కడిగి, ఆరబెట్టి, నిజామాబాద్ బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చి పంపేవాణ్ణి. కళ అనే మాట ఆ పనిలో ఎక్కడా తగల్లేదు. మనిషి ముఖం తెలియాలి, కింద రాసిన పేరు ఆ ముఖానిదే కావాలి. అంతకుమించి పత్రిక నన్ను అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

కోర్సు నడిపే సారు హైదరాబాదు నుంచి వచ్చాడు. భుజానికి గోనెసంచి లాంటి సంచి, మెడలో కెమెరా. ఏడాది పొడుగునా ఆ కెమెరా ఆయన మెడలో చూశాను గాని అందులో రీలు ఉండగా చూడలేదు. ఆయన అసలు ఆస్తి ఆ కెమెరా కాదు, ఒక పుస్తకం. ఎవరో విదేశీ ఫొటోగ్రాఫర్ తీసిన నలుపు తెలుపు బొమ్మల పుస్తకం, పీట అంత ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన ఖద్దరు తువ్వాలు చుట్టి తెచ్చేవాడు. ముట్టుకునే ముందు పిల్లలు పంపు దగ్గర చేతులు కడుక్కుని రావాలి. పేజీలు మాత్రం ఆయనే తిప్పేవాడు.

ఆ పుస్తకం నుంచే ప్రాజెక్టులు పుట్టాయి. ప్రాజెక్టు అంటే ఏమిటో మొదటి క్లాసులోనే బోర్డు మీద రాశాడు. ఆయన ఇచ్చిన జాబితాలోంచి ఒక భావం ఎంచుకోవాలి. ఒక గొప్ప ఫొటోగ్రాఫర్ పనిని పరిశీలించి, ఆయన ప్రభావం తన మీద ఎలా పడిందో నాలుగు పేజీలు రాయాలి. ఆ ప్రభావంతో పన్నెండు ఫొటోలు తీయాలి. చివర వాటిని కాలేజీ హాల్లో మూడు రోజులు ప్రదర్శించాలి. ప్రదర్శనకు వేరే మార్కులు, అందులో సున్నా వస్తే సర్టిఫికెట్టు లేదు.

జాబితాలో ఉన్న భావాలు ఇవి: ఏకాంతం, శ్రమ, వృద్ధాప్యం, నిరీక్షణ, శూన్యం. గొప్ప ఫొటోగ్రాఫర్ ఎవరన్నది పిల్లలు వెతుక్కోనక్కరలేదు. ఉన్నది ఒక్క పుస్తకం.

ఏడుగురు ఒక గదిలో పడుకునే ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలు ఏకాంతం ఎక్కడ దొరుకుతుందో తెలియక రైల్వే స్టేషన్‌కు పోయారు. అక్కడ స్నేహితుణ్ణి బెంచీ మీద తల వంచుకుని కూర్చోబెట్టి, మిగతా ప్రయాణికులను కాసేపు పక్కకు జరగమని బతిమాలారు. నెగటివ్ కడిగి చూస్తే ఏకాంతం వెనకాల పదిహేను మంది వరుసగా నిలబడి నవ్వుతున్నారు.

పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. మంచు కమ్మిన వీధి, అందులో సైకిల్ మీద పోతున్న మనిషి. దోమకొండ నుంచి వచ్చే కుర్రాడికి అది కావలసి వచ్చింది. నెల మార్చి. మంచు లేదు కనుక పాతకోట గోడ పక్కన తడి గడ్డి తగలబెట్టి, తమ్ముణ్ణి సైకిలెక్కించాడు. గడ్డివాముకు నిప్పంటుకుందనుకుని వాడకట్టు ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఆ రీలు నేనే కడిగాను. ఒక ఫ్రేములో, బిందె నెత్తి మీదికెత్తి, కెమెరాలోకి సూటిగా తిడుతూ ఒక నడివయసు ఆమె ఉంది. నీళ్ళు బిందె అంచు దాటి గాలిలో ఉన్నాయి. నా ఉద్యోగంలో అంత మంచి ఫొటో నేను తీయలేదు.

"దీన్ని పెట్టు," అన్నాను.

"అండ్ల మంచు లేదు కద సార్," అన్నాడు. "పొగ గూడ ఆమె ఆర్పేసింది."

ఆ ముక్క కత్తిరించి బుట్టలో వేశాడు. తరవాత సైకిల్ ఫొటోకు పదికి ఎనిమిదిన్నర మార్కులు వచ్చాయి.

వృద్ధాప్యం తీసుకున్న ఇద్దరు రాజంపేటలో ఒక ముసలాయన దగ్గరికి పోయారు. పుస్తకంలో ఉన్న విదేశీ ముసలాయన చొక్కా చినిగిపోయి ఉంటుంది. ఈయన మనవడు తెచ్చిన కొత్త టెర్లిన్ అంగీలో ఉన్నాడు. నేను వాళ్ళతోనే ఉన్నాను, ఆ ఊళ్ళో నాకు వేరే వార్త పని ఉండి.

"బాపూ, గా పాత అంగీ తొడుక్కొని ఎండల కూసో," అన్నాడొకడు.

"ఎందుకు బిడ్డా?"

"ఫొటో మంచిగొస్తది."

"చినిగిన అంగీల మంచిగొచ్చేది గదేం ఫొటో. నీకు గంత ముచ్చటైతె నువ్వే తొడుక్కో. గా డబ్బా ఇటియ్యి, నేను తీస్త."

వాళ్ళు బతిమాలారు. ఆయన చివరికి రెండు చేతులూ ముందుకు చాపి, "చేతులు తీసుకోండ్రి. చేతులకు అంగీ ఉండదు," అన్నాడు. పన్నెండు ఫొటోలూ చేతులే. సారు వాటిని చూసి కళ్ళు మూసుకుని, భావం వృద్ధాప్యం కాదు, శ్రమ అని దిద్దాడు. ముసలాయన ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినవాడని పిల్లలు చెప్పలేదు, సారు అడగలేదు.

ఇలాంటివి రాసుకుంటూ పోతే చాలా ఉన్నాయి. చెప్పదలచింది మాత్రం ఒకామె గురించి.

చేరినవాళ్ళలో ఆడపిల్లలు ఇద్దరు. ఒకామె నెలకే మానేసింది. రెండో ఆమెది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో పిన్ని ఇంట్లో ఉండి క్లాసుకు వచ్చేది, శుక్రవారం బస్సెక్కి ఇంటికి పోయేది. ఇరవై ఏళ్ళుంటాయి. బుర్ఖాలో వచ్చి, క్లాసులో ముఖం మీది గుడ్డ తీసి, వెనక బెంచీలో కూర్చునేది. పుస్తకం ముందు నోరు వెళ్ళబెట్టని మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. నేను రీలు కడగడం నేర్పడం మొదలుపెట్టిన రెండో రోజునే, నాకంటే ఆమెకు ఎక్కువ తెలుసని అర్థమైంది. మందు వేడిని గిన్నె మీద వేలి వెనకతో పట్టి చూసి చెప్పేది. ఎల్లారెడ్డిలో వాళ్ళ మేనమామకు స్టూడియో ఉంది. ఆమె పన్నెండో ఏట నుంచి ఆయన దగ్గర పని నేర్చుకుంది.

అంత పని తెలిసినామెకు ఈ కోర్సు ఎందుకని అడిగాను.

"మా అబ్బా చెప్పిండు సార్," అంది.

తండ్రి సౌదీలో డ్రైవరు. ఆయన ఉత్తరాలు రాయడు, క్యాసెట్లో మాట్లాడి పంపుతాడు. ఎల్లారెడ్డిలో ఆడవాళ్ళు స్టూడియోలో మగవాళ్ళ ముందు కూర్చోరు కనుక, ఈ అమ్మాయి ఇండ్లకు పోయి ఫొటోలు తీస్తుంది. బంధువుల్లో పెద్దలు కొందరు దాన్ని తప్పుపట్టి, సౌదీ దాకా మాట చేరవేశారు. తండ్రి క్యాసెట్లో తీర్పు చెప్పాడు: ఇల్లిల్లూ తిరగడం బంద్. సర్కారు ముద్ర ఉన్న కాగితం తెచ్చుకుంటే ఇంటి ముందు గదికి బోర్డు కట్టుకుని, కూర్చున్నచోట ఆడవాళ్ళ ఫొటోలు తీసుకోవచ్చు. కాగితం రాకపోతే కెమెరా మామకు ఇచ్చేయాలి.

మిగతా పదహారు మందికీ ఆ కాగితం గోడకు తగిలించుకునేది. ఈమెకు చేతిలో పని ఉండడమో పోవడమో దాని మీద ఉంది.

ప్రాజెక్టు చెప్పమన్న రోజు ఆమె లేచి, తన గొప్ప ఫొటోగ్రాఫర్ తన మేనమామే అంది. క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు, బాధపడ్డాడు. పెద్దవాళ్ళ బాధ నవ్వు కంటే అవమానంగా ఉంటుంది.

"స్టూడియోవాడు ఫొటోగ్రాఫర్ కాడమ్మా," అన్నాడు. "ఏం తీస్తాడాయన?"

ఆమె ఒక ఫొటో ఇచ్చింది. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నిలబడ్డ ఫొటో. అతను మస్కట్‌లో ఉన్నాడనీ, ఆమె లింగంపేట దాటి ఎప్పుడూ పోలేదనీ, రెండు ఫొటోలు అతికి ఒకటి చేశామనీ చెప్పింది. అప్పట్లో మావైపు అది మామూలు పని. గల్ఫుకు పోయినవాడు అక్కడ నిలువెత్తు ఫొటో దిగి పంపుతాడు. ఇక్కడ భార్యను పక్కన చోటు వదిలి నిలబెట్టి తీస్తారు. బ్లేడుతో అంచు కోసి, అతికి, అతుకు మీద కుంచెతో దిద్ది, దాన్ని మళ్ళీ ఫొటో తీస్తారు. ఇద్దరికీ చెరొక కాపీ. ఏళ్ళ తరబడి వాళ్ళు కలిసి ఉన్నది ఆ ఒక్కచోటే.

"ఇది అతుకు," అన్నాడు సారు. "కళలో అతుకు ఉండకూడదు."

"అతుకు కనబడ్తుందా సార్?"

ఆయన కిటికీ దగ్గరికి పోయి, అటూ ఇటూ వంచి చూశాడు. "కనబడకపోవడమే మోసం," అని తిరిగి ఇచ్చేశాడు. ఆమెకు శూన్యం అనే భావం కేటాయించాడు. మిగిలింది అదొక్కటే.

ఆ నెలలోనే కాలువ నీళ్ళ గొడవ మీద వార్త కోసం ఎల్లారెడ్డి పోయాను. పని అయ్యాక ఆ స్టూడియో ఎక్కడని అడిగి వెళ్ళాను. ఆ రోజు శుక్రవారం, అమ్మాయి అక్కడే ఉంది. ముందు గదిలో మేనమామ నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఇండ్లకు పోవడం బంద్ అయినందుకు ఆమె లోపలి గదిలోనే ఫొటో తీస్తోంది. వాకిలికి అడ్డంగా దుప్పటి కట్టి ఉంది. నాకు మాటలే వినిపించాయి. పెద్దకొడప్‌గల్ నుంచి అత్తాకోడళ్ళు వచ్చారట. కొడుకు దుబాయి పోయి రెండేళ్ళు.

"అవ్వా, మీ కొడుకు ఎంతెత్తుంటడు?" అమ్మాయి అడిగింది.

"దీనికంటె జానెడెత్తు."

"జానెడు కాదత్తా, బెత్తెడే," అంది కోడలు.

"నా కొడుకు ఎత్తు నాకెరుక లేదా. నువ్వు వానితోని ఉన్నదే నలభై దినాలు."

"నలభై దినాలు పక్కన నిలబడ్డది నేనే గద."

"నిలబడ్డవో ఏం జేసినవో," అంది అత్త. ముగ్గురూ నవ్వారు.

"ఇద్దరూ సూపియ్యుండ్రి, నడిమిల గీత గీస్త," అంది అమ్మాయి.

మేనమామ నాకు వివరించాడు. పెళ్ళాన్ని నిలబెట్టాక, మొగుడి చెవి ఎక్కడికి వస్తుందో వెనక తెర మీద చాక్‌పీసుతో చిన్న గీత గీస్తారు. ఆ గీతకు సరిపోయేలా అతని ఫొటోను పెంచో తగ్గించో అతుకుతారు. అతికాక గీత అతని తల వెనక్కి పోతుంది.

"గీత తప్పితే మొగుడు పొట్టోడైతడు భాయ్," అన్నాడు. "ఊర్ల గలాటా అయితది. నాకిప్పుడు కండ్లు సరిగ్గ కనబడ్తలేవు. టచింగంత బిడ్డనే చేస్తది."

అతికిన ఫొటోలు కొన్ని చూపించబోయి, మొదటిదాని మీదనే చెయ్యి ఆపాడు. ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోరని, మళ్ళీ కవర్లో పెట్టేశాడు. నేను దాన్ని ముసలివాడి చాదస్తం అనుకున్నాను.

శూన్యం మీద ఏం తీయాలో తెలియక ఆమె రెండు వారాలు తిరిగింది. ఎండిన బావి తీస్తే, అది నిరీక్షణ అన్నాడు సారు. ఖాళీ కుర్చీ తీస్తే, పుస్తకంలో కుర్చీ లేదన్నాడు. ఒకరోజు మా ఇంటి డార్క్‌రూమ్ బయట మెట్ల మీద కూర్చుని ఉంటే, నేనే ఆ సలహా ఇచ్చాను.

"మీ అతుకు ఫొటోలున్నాయి కదా. అతకకముందువి ఇవ్వు. పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. శూన్యం అని పేరు పెట్టు. మీ సారుకు పిచ్చెక్కుతుంది."

వెటకారంగా అన్నాను. సారును ఆట పట్టించడం తప్ప నా మనసులో ఇంకేం లేదు. ఆమె దాన్ని పనిగా తీసుకుంది. పన్నెండు మంది ఆడవాళ్ళ సగం ఫొటోలు ఎల్లారెడ్డిలో పెద్దవి చేయించి, కవర్లో పెట్టి సారుకు ఇచ్చింది. నాలుగు పేజీల ప్రభావాన్ని దోమకొండ కుర్రాడి రికార్డులోంచి ఎత్తి రాసింది. వాడు మరొకడి దాంట్లోంచి ఎత్తాడు. పదిహేడు రికార్డుల్లోనూ ఆ నాలుగు పేజీలు ఒక్కటే, తప్పులతో సహా.

సారుకు నేను చెప్పినట్టే అయింది. నన్ను పిలిపించి బల్ల మీద పన్నెండూ పరిచాడు. ప్రతి ఫొటోలో ఒక ఆడమనిషి కుడివైపు ఒదిగి, తల మీద కొంగు సర్దుకుని, నేరుగా చూస్తూ ఉంది. ఎడమవైపు బూడిద రంగు తెర.

"చూడండి రిపోర్టర్ గారూ, ఈ ఖాళీ చూడండి. నేను ఎన్నాళ్ళుగానో వీళ్ళకు చెబుతున్నది ఇదే. ఆ పుస్తకం ప్రభావం ఎంత లోతుగా పనిచేసిందో."

ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు, ప్రదర్శన వార్తతో పాటు పత్రికలో వేయమని. నేను సంచిలో వేసుకుని, ఇంటి దాకా నవ్వుకుంటూ వచ్చాను.

రెండు రోజులకు ఆమె పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. కాలేజీ నోటీసు బోర్డు చూసి వస్తోంది. ప్రదర్శనకు ఊళ్ళో అందరూ రావచ్చనీ, ఆమె ఫొటోలు హాలు మధ్య గోడకు పెడతారనీ రాసి ఉందట.

"ముందే తెలుసు కదా, ప్రదర్శన ఉంటుందని," అన్నాను.

"గోడకు పెట్టెది మిగతోళ్ళవే అనుకున్న. ఆడోళ్ళ బొమ్మలు గద, నావి పెట్టరనుకున్న. సారు సూసి మార్కులేసి ఇస్తడనుకున్న. డాక్టరుకు సూపిస్తం గద సార్, అట్ల."

నేను బల్ల మీది కాగితాలు జరుపుతుంటే కింద ఆ ఫొటో బయటపడింది. ఆమె చూసింది.

"ఇది మీ దగ్గర ఎందుకున్నది సార్?"

పత్రికకు అని చెప్పాను. ఆమె దాన్ని తీసుకుని, ముఖం కిందికి వచ్చేలా బోర్లా పెట్టింది.

"ఈమె పెద్దకొడప్‌గల్ ఆమె. ఇంక అతికిందే లేదు. మొగడు సూడకముందె కామారెడ్డి అంత సూస్తదా? నన్ను నమ్మి కొంగు సర్దుకున్నరు సార్ వీళ్ళు. ఒక్కామె బయటి మొగోళ్ళ ముందల నిలబడదు. రేపు నేను బోర్డు కడ్తె ఎవరొస్తరు?"

సర్టిఫికెట్టు కావాలంటే ఫొటోలు గోడకెక్కాలి. అవి గోడకెక్కితే ఆ సర్టిఫికెట్టుతో పని ఉండదు. ఇందులోకి ఆమెను దింపింది నా హాస్యం. సారు కనీసం తెలియనివాడు. నేను ఆ దుప్పటి ఇవతల కూర్చుని చాయ్ తాగినవాణ్ణి.

ఆ పూటే కాలేజీకి పోయి సారుతో మాట్లాడాను. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, ముఖాలు పెట్టవద్దన్నాను.

"ఒప్పుకోవడమేమిటి? అవి ఇప్పుడు వాళ్ళ ఫొటోలు కావు. కళాఖండాలు."

"పోనీ ముఖాల మీద నల్ల కాగితం అంటిస్తే?"

"మీ పేపరువాళ్ళకు దొంగల ఫొటోలు అలవాటు," అన్నాడు. "ఆమె పెట్టనంటే ప్రదర్శనలో సున్నా వేస్తాను. ఇంకా వారం ఉంది, నచ్చజెప్పండి. ఇంత వెనకబడ్డ ప్రాంతంలో ఈ మాత్రం ధైర్యం చేయకపోతే ఎలా?"

ఏడాది నుంచి ఇక్కడి జీతం తింటూ, లింగంపేట ఎటువైపు ఉందో తెలియని మనిషి ఆ మాట అన్నాడు. నేను వచ్చి ఆమెతో, ఆయన వినడం లేదని చెప్పాను. ఇంకో భావం మీద వారంలో పన్నెండు తీద్దాం, రీళ్ళు నేనిస్తాను అన్నాను.

"వద్దు సార్. శూన్యమే ఇస్త."

నా దగ్గరున్న ఫొటో తీసుకుంది. మర్నాడు సారు దగ్గరికి పోయి, అట్టల మీద అంటించి తెస్తానని మిగతా పదకొండూ అడిగి తీసుకుంది. ఆయన సంతోషంగా ఇచ్చాడు. ఆ శుక్రవారం ఎల్లారెడ్డి పోయింది. ఏం చేయబోతోందో నాకు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ప్రదర్శన రోజు సారు ముఖ్య అతిథిని తీసుకురావడానికి స్టేషన్‌కు పోయాడు. ముఖ్య అతిథి అంటే మార్కులు వేసే పరీక్షకుడే, హైదరాబాదు నుంచి వచ్చాడు. రైలు ఆలస్యం. ఆ లోపల పిల్లలు ఎవరి ఫొటోలు వాళ్ళు తగిలించుకున్నారు. నేను హాల్లోకి పోయేసరికి మధ్య గోడకు ఆమె పన్నెండు అట్టలు ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేదు. ప్రతి ఫొటోనూ నిలువునా కోసి, ఆడమనిషి ఉన్న సగం తీసేసింది. మిగిలింది బూడిద రంగు తెర, కింద కొంచెం నేల, తెర మీద చిన్న చాక్‌పీసు గీత. అంచులు ఎంత సాఫుగా కోసిందంటే, మొదటి నుంచీ ఫొటో అంతే అన్నట్టు ఉంది. ఒక అట్టకూ ఇంకో అట్టకూ ఉన్న తేడా గీత ఎత్తు మాత్రమే.

ఆమె వాటి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె మేనమామ కూడా వచ్చాడు. చూపు ఆనక, ఒక్కొక్క అట్టకు ముఖం ఆనించినంత దగ్గరగా పోయి చూస్తున్నాడు. మూడోదాని దగ్గర ఆగి, "ఇది దుబాయాయన, పెద్దకొడప్‌గల్," అని గొణిగాడు. తరవాతిదానికి పోయి, "ఈయన బాగ పొడుగు," అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఆ గోడను చదవగలిగినవాడు ఆయన ఒక్కడే.

అతిథితో పాటు సారు వచ్చాడు. సైకిల్ మనిషినీ, చేతులనూ, ఏకాంతాలనూ దాటించుకుంటూ మధ్య గోడ దగ్గరికి తెచ్చాడు. తెచ్చి, చూసి, మాట ఆపేశాడు. నోరు తెరిచి ఏదో అనబోయేవాడే. కానీ అతిథి అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచాడు. సారు అది చూసి ఆగాడు. పైవాడు ఏమంటాడో తెలియకుండా ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

"అద్భుతం," అన్నాడు అతిథి. "మనిషిని తీసేసి మనిషిని చూపించింది."

"మేం దీని మీద చాలా చర్చించాం," అన్నాడు సారు. ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ముందు మనుషులు ఉండేవారు. ఎందుకు, తీసేయమ్మా అన్నాను."

అతిథి పావుగంట మాట్లాడాడు. ఖాళీ గురించి, మౌనం గురించి, తూర్పు దేశాల తత్వం గురించి. పిల్లలు రాసుకున్నారు. సారు తల ఊపాడు. చివరకు అతిథి ఒక అట్ట దగ్గరికి వంగి, చూపుడు వేలు పెట్టాడు.

"ఈ తెల్ల మరకలు ఏమిటి? అన్నిట్లోనూ ఉన్నాయి."

ఆమె ఒక్కసారి మామ వైపు చూసింది. "తెర మాసింది సార్," అంది.

"శుభ్రత ముఖ్యమమ్మా. ఉతికించుకోవాల్సింది." మార్కుల కాగితం మీద కొట్టేసి, తగ్గించి వేశాడు.

"ఉతికిస్త సార్," అంది.

ఆ తగ్గించిన మార్కుల వల్ల మొదటి శ్రేణి పోయి రెండో శ్రేణి వచ్చింది. మొదటి శ్రేణి సైకిల్ మనిషికి వచ్చింది. రెండో శ్రేణి కాగితానికి కూడా ముద్ర అదే. తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగా నేను ఏదో ఓదార్పు మాట అనబోతే, "పాసే గద సార్," అని తేల్చేసింది. సారును గొప్పగా బోల్తా కొట్టించావన్నాను. ఆ మాట ఆమెకు నచ్చలేదు.

"బోల్తా ఏం లేదు. ఖాళీ అడిగిండు, ఖాళీ ఇచ్చిన."

నేను పత్రికకు వార్త పంపాను. "విద్యార్థుల సృజనకు అద్దం పట్టిన ప్రదర్శన" అని శీర్షిక. మాటలు సారు చెప్పినవే. ఫొటో సైకిల్ మనిషిది. నా వృత్తిలో నేను రాసిన పనికిమాలిన వార్తల్లో అది పెద్దదేం కాదు.

వానలు మొదలయ్యాక సారు నన్ను ఎల్లారెడ్డి తీసుకుపొమ్మన్నాడు. అఖిల భారత స్థాయిలో ఏదో పోటీ ఉందట. ఆ పన్నెండు నెగటివ్‌లు తన మార్గదర్శకత్వంలో అని రాసి పంపాలట. ఉత్తరం రాస్తే ఆమె జవాబివ్వలేదు. బస్సులో ఆయన నాకు శూన్యం గురించి చెబుతూ వచ్చాడు. పక్క సీటులో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న మనిషి మర్యాదగా విన్నాడు.

ఇంటి ముందు గదికి బోర్డు ఉంది. లేడీస్ ఫొటో అని తెలుగులో, ఉర్దూలో. అరుగు మీద ఆడవాళ్ళ చెప్పులు నాలుగు జతలు, ఒక గొడుగు. వాకిలికి దళసరి గుడ్డ కట్టి ఉంది. సారు చెప్పులు విడవబోతుంటే, అరుగు మీద కూర్చున్న మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపల ఆడోళ్ళున్నరు సార్. మొగోళ్ళు పోరాదు."

"నేను ఆమె గురువును."

"గురువైనా మొగోరే గద సార్. కూసోండ్రి."

ఆయన కూర్చోలేదు. గుడ్డ దగ్గరికి పోయి, గొంతు పెంచి పోటీ గురించి, పేరు గురించి, ఢిల్లీ గురించి చెప్పాడు. లోపల నవ్వులు ఆగాయి. కాసేపటికి గుడ్డ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"నెగటివ్‌లు ఇంటోళ్ళవి సార్. అతికినంక వాళ్ళవి వాళ్ళకు ఇచ్చేసిన."

"ఇచ్చేశావా? పన్నెండూ?"

"ఫొటో అయినంక ఎవరియి వాళ్ళకే ఇస్తం. మీరు చాయ్ తాగి పోండ్రి సార్, మూడింటికి బస్సున్నది."

తరవాత ఆమె మాకు కాదు, లోపలున్నవాళ్ళకు చెప్పడం వినిపించింది. "ఇటు జరుగు అక్కా. ఇంకొంచెం. ఇటుపక్క ఆయనకు జాగ కావాలె."

చిన్న పిల్ల ఎవరో గుడ్డ కింద నుంచి చెయ్యి చాపి రెండు చాయ్ కప్పులు బయట పెట్టింది. సారు కప్పు తీసుకుని, అరుగు అంచున వానకు తడవని చోటు వెతుక్కుంటూ నిలబడే తాగాడు.